గాజులా మెరిసే సబ్బు

పియర్స్ సబ్బుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అందులోంచి చూడని ఆడపిల్ల ఉండదేమో! 1807లో లండన్‌లో ఆండ్రూ పియర్స్ అనే క్షురకుడు అమ్మకానికి పెట్టిన సబ్బు అది. అద్దంలా ఉంది కాబట్టి స్వచ్ఛమైనదని చాలామంది అనుకుంటారు గానీ, ఆ రెంటికీ సంబంధం లేదు. మామూలు సబ్బు గట్టిపడేటప్పుడు అందులో సన్నని స్ఫటికాలు ఏర్పడి వెలుతురుని అడ్డుకుంటాయి. స్పిరిట్, పంచదార పాకం, గ్లిజరిన్ కలిపితే అవి పెరగవు. అంతే కిటుకు.

అయితే నూనె దగ్గర్నుంచీ అంతా ఇంట్లోనే చేద్దామని కొందరికి ఉబలాటం. పసిపిల్లలున్న ఇంట్లో వద్దంటే వద్దంటాను. దీనికి కాస్టిక్ సోడా కావాలి. చూడ్డానికి తెల్లగా, పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది. పిల్లలు నోట్లో వేసుకుంటే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. పైగా 100 గ్రాముల కొబ్బరినూనెకి సుమారు 18 గ్రాములు పడితే, అంతే ఆముదానికి 13 గ్రాములు చాలు. ఎక్కువైతే ఆ సబ్బే ఒంటిని కాలుస్తుంది. చెంచా కొలతలతో అయ్యే పనేనా? దానికి తోడు పొయ్యి దగ్గర స్పిరిట్! పొరపాటున సోడా ఒంటిమీద పడితే నిమ్మరసం, వెనిగర్ రాయకండి. 20 నిమిషాలపాటు ధారగా నీళ్లు పోసి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఆ గొడవేం లేకుండా, పారదర్శకమైన గ్లిజరిన్ సోప్ బేస్ దొరుకుతోంది. అరకిలో తెచ్చి ముక్కలు కోసి, మరుగుతున్న నీళ్ల గిన్నెలో మరో స్టీలు గిన్నె పెట్టి కరిగించండి. బేస్ మాత్రం మరగకూడదు, మరిగితే మసకబారుతుంది. గిలక్కొట్టినట్టు కలిపితే బుడగలొస్తాయి. దించాక చెంచాడు సబ్బుల పరిమళం, ఒకటి రెండు చుక్కల రంగు చాలు. పసుపు, శెనగపిండి వెయ్యందే మనకి చెయ్యి ఊరుకోదు గానీ, వేస్తే అద్దంలా రాదు. తాజా మల్లెరేకులు వేశారో, నాలుగు రోజులకే నల్లబడతాయి. ప్లాస్టిక్ మూతల్లోనో, సిలికాన్ అచ్చుల్లోనో పోసి, కదపకుండా మూడు నాలుగు గంటలు వదిలేయండి. అయిదు సబ్బులవుతాయి.

గ్లిజరిన్ గాలిలో తేమని లాక్కుంటుంది. అందుకే వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలోనూ ఈ సబ్బులకి చెమట పడుతుంది. భయపడక్కర్లేదు, పాడైనట్టు కాదు. ఆరగానే పల్చని ప్లాస్టిక్ కాగితం బిగువుగా చుట్టేస్తే సరి.

ఇరుగుపొరుగుకి పేరంటంలో తాంబూలంతో పాటు ఇచ్చుకోవచ్చు. అమ్మకానికి దిగేమాటైతే మాత్రం 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల కింద తయారీ లైసెన్సు కావాలి. డబ్బు పెట్టేముందే ఆ సంగతి చూసుకోండి.