క్రొత్త తెర చెప్పిన అబద్ధం

క్రిందటి సంవత్సరం మా ఇంటికి క్రొత్త కంప్యూటరు మానిటరు వచ్చింది. పాతదానికంటె పెద్దది, మంచి వెలుగు గలది. పిల్లలు ఎంతో సంబరపడ్డారు. ఆ వారమే మా వీధిలోని ఒక తల్లి భర్త ఫోటో తెచ్చి, "అయ్యగారూ, ఆయనదంటూ మిగిలింది ఇదొక్కటే. కాస్త పెద్దది చేయించి పెట్టండి" అని అడిగింది.

స్కాన్ చేసి తెరమీద చూచాము. ముఖం వెలిసిపోయినట్లు కనబడింది. ఆయన నల్లని మనిషి గదా అని వెలుగు తగ్గించి, పట్నంలో ప్రింటు తీయించాము. వచ్చిన దానిలో కళ్లు, మీసం, చెంపలు ఒకే నలుపులో కలిసిపోయాయి. ఆ తల్లి చాలాసేపు చూచి, "ఈయన మా ఆయన కాదయ్యా" అన్నది. తప్పు ప్రింటు తీసినవారిది కాదు. మా తెరే మాకు నిజం చెప్పలేదు.

చాలా మానిటర్లు వెలుగు బాగా పెంచి, కొంత నీలిచాయతో వస్తాయి. అలాంటి తెరమీద నల్లబడిన ఫోటో కూడ తేటగానే కనబడుతుంది. కాగితానికైతే సొంత వెలుగు లేదు. గదిలోని వెలుగే దానికి ఆధారం.

సరిచేసుకొనుట కష్టం కాదు. ముందు తెరను అరగంట వెలిగించి ఉంచండి. అప్పటికి రంగు నిలకడకు వస్తుంది. కిటికీ వెలుగు తెరమీద సూటిగా పడకూడదు. రాత్రివేళ తెరను పసుపుచాయకు మార్చే 'నైట్ లైట్' ఆపివేయండి. తెరమీద తెల్లని పేజీ తెరచి, ప్రక్కన తెల్లకాగితం పట్టుకొని, రెండింటి తెలుపు దాదాపు సమానంగా కనబడేవరకు బ్రైట్‌నెస్ తగ్గించండి.

మానిటరు మెనూలో 'ఎస్‌ఆర్‌జీబీ' అని ఉంటే దానిని ఎంచుకోండి. అది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన రంగుల ప్రమాణం. లేనియెడల తెలుపును 6500 కెల్విన్‌కు, గామాను 2.2కు పెట్టండి. నలుపు తెలుపుల నడుమనున్న ఛాయలు ఎంత వెలుగుగా కనబడాలో నిర్ణయించేది గామా.

2009లో వచ్చిన విండోస్ 7 మొదలుకొని, రంగులు సరిచూచే సాధనం విండోస్‌లోనే ఉన్నది. 'కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్' అని వెదికితే దొరుకుతుంది. అందులో కోటు తొడిగిన మనిషి బొమ్మ వస్తుంది. కోటూ చొక్కా వేర్వేరుగా కనబడితే బ్రైట్‌నెస్ సరిపోయినట్లే. తెల్లచొక్కా మీది ముడతలు, గుండీలు చెరిగిపోనంతవరకే కాంట్రాస్టు పెంచాలి.

ఇదంతా కంటి కొలత. పెండ్లి ఆల్బములు చేసి జీవించేవారు కలరిమీటరు అనే పరికరాన్ని తెరకు ఆనించి కొలుచుకొంటారు. ఇంటి అవసరానికి కంటి కొలత చాలును. అయితే పెద్ద ప్రింటుకు ముందు చిన్నది ఒకటి తీయించి, పగటి వెలుగులో చూడండి.

మేమును అలాగే చేసి, ఫోటోను మరల సిద్ధపరచాము. ఆ తల్లి అద్దాన్ని కొంగుతో తుడిచి, దగ్గరగా పెట్టుకొని చూచింది. "చెంపమీద మచ్చ కూడా కనబడుతోందయ్యా" అన్నది.

గనుక క్రొత్త తెర కొనినవారు, దానిని నమ్మి ఎవరి ముఖమునైనా దిద్దకముందే, ఈ కాస్త సమయం వెచ్చించండి.