చేత చీటి లేని మందు

వైద్యుడు వ్రాసిన మందుల చీటి మనలో ననేకులకు చదువ శక్యము గాదు. అంగడివా డిచ్చినదే మందు. ఐరోపాలోని ఎస్టోనియా యను చిన్న దేశమున 2010వ సంవత్సరము జనవరి మొదలుకొని ఈ చీటి కాగితముపై గాక కంప్యూటరునందు వ్రాయబడుచున్నది. రోగి తన గుర్తింపు కార్డును ఏ మందుల అంగడియందు చూపినను, అచటివారు చీటిని తెరపై చూచి మందు నిత్తురు. రక్తపోటు, మధుమేహము వంటి దీర్ఘవ్యాధులు గలవారు అదే మందు మరల వలసినపుడు వైద్యునికి టెలిఫోను చేసిన చాలును. పోయి కూర్చుండ నక్కఱలేదు. రోగులు ఈ పద్ధతిని మెచ్చుకొనుటకు ఇదియు నొక కారణము.

అయినను ఇట్టి చీటిని గూర్చి రోగులు చెప్పు కొఱత యొకటి కలదు. ఏ మందు ఎన్ని పూటలు మ్రింగవలెనో ఇంట చూచుకొనుటకు చేత కాగితము లేదు. యంత్రము నెఱిగినవారు తెరపై చూచుకొందురు. ముసలివారి మాట వేరు. తమ రోగము ఎవరెవరి కంటబడునో యను శంకయు కొందఱికి గలదు. ఇవి త్రోసివేయదగిన మాటలు కావు. పైన పేరులేని ఎరువు బస్తాను మనము కొందుమా?

ఈ సంగతి మన యూళ్లకును వచ్చినది. 2019 నవంబరున ఆంధ్రప్రదేశపు ఆరోగ్యకేంద్రములలో ప్రారంభమైన ఈ-సంజీవని, గ్రామమందలి రోగిని దూరముననున్న వైద్యునితో తెరపై మాటలాడించుచున్నది. ఆ వైద్యుని చీటియు కంప్యూటరునుండియే వచ్చును. దానిని ముద్రించి యిమ్మని కేంద్రమున నడుగుడు. ముసలివారి వెంట బోవువారు మందు పేరును, పూటలును అక్కడనే చదివించుకొని రండు.