వసంతకాలపు ఆలస్య తుషారం: యాపిల్ తోటలలో నష్టాన్ని నిర్ణయించేది మొగ్గ దశ

ఉపోద్ఘాతం

సమశీతోష్ణ ప్రాంతాల పండ్ల తోటలకు శీతాకాలపు తీవ్రమైన చలి కంటే, వసంతంలో ఆలస్యంగా వచ్చే స్వల్పమైన చలి వల్లనే తరచుగా ఎక్కువ నష్టం వాటిల్లుతుంది. జనవరిలో మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిని సైతం తట్టుకొనే యాపిల్ మొగ్గ, పూర్తిగా విచ్చుకొన్న తరువాత మైనస్ 4 డిగ్రీల వద్ద అరగంట సేపు కూడా నిలువలేదు. కావున ఒక రాత్రి ప్రమాదకరమైనదా, కాదా అన్న ప్రశ్నకు ఉష్ణమాపకం ఒక్కటే సమాధానం చెప్పజాలదు. ఆ రాత్రికి చెట్టు ఏ దశలో ఉన్నదో కూడా తెలియవలెను. ఈ రెండింటి కలయికగా తుషార నష్టాన్ని అర్థం చేసుకొన్నప్పుడే ముందస్తు హెచ్చరికలకు, రక్షణ చర్యలకు ప్రయోజనం చేకూరుతుంది.

తుషారం ఏర్పడే విధానం

తుషారం ప్రధానంగా రెండు రకాలు. మొదటిది వికిరణ తుషారం. మేఘాలు లేని, గాలి వీచని రాత్రి నేల, మొక్కలు తమ ఉష్ణాన్ని ఆకాశంలోకి వికిరణం చేసి త్వరగా చల్లబడతాయి. వాటిని ఆనుకొని ఉన్న గాలి పొర కూడా చల్లబడుతుంది. దాని పైన ఉన్న గాలి మాత్రం కొంత వెచ్చగానే ఉంటుంది. ఎత్తుకు పోయేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గడం సహజ క్రమం కాగా, ఇక్కడ పెరుగుతుంది కనుక దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లని గాలి బరువైనది కావడంతో నీటివలె పల్లానికి జారి లోతట్టు భాగాలలో నిలుస్తుంది. ఒకే తోటలో వాలుపై ఉన్న చెట్లు బతికి, పల్లంలో ఉన్న చెట్ల పూత మాడిపోవడానికి కారణం ఇదే.

రెండవది అభివహన తుషారం. ధ్రువ ప్రాంతాల నుంచి అతిశీతల వాయురాశి గాలులతో సహా ఒక ప్రాంతం మీదికి తరలివచ్చినప్పుడు ఇది సంభవిస్తుంది. ఇందులో పైన వెచ్చని గాలి పొర ఉండదు. ఈ భేదాన్ని గుర్తుంచుకొనడం అవసరం. రక్షణ పద్ధతులలో అధిక భాగం మొదటి రకం తుషారానికి మాత్రమే పని చేస్తాయి.

మరొక అంశం కూడా గమనార్హం. వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రతను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున, నీడగల పెట్టెలో కొలుస్తారు. నిర్మలాకాశం ఉన్న రాత్రి ఆరుబయట ఉన్న మొగ్గ, చుట్టూ ఉన్న గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా చల్లబడవచ్చు. పెట్టెలో సున్నా కనిపించినంత మాత్రాన మొగ్గ కూడా సున్నా వద్దనే ఉన్నదని భావించరాదు.

మొగ్గలో జరిగే మార్పు

నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టి తీరుతుందన్న నియమం మొక్కల కణజాలానికి యథాతథంగా వర్తించదు. మంచు స్ఫటికం మొదలు కావడానికి ఒక కేంద్రకం కావలెను. అది లేనప్పుడు నీరు సున్నాకు దిగువన కూడా ద్రవరూపంలోనే ఉండగలదు. దీనినే అతిశీతలీకరణం అంటారు. ఆకులపైన, పూలపైన నివసించే సూడోమోనాస్ సిరింగే వంటి బాక్టీరియాలు ఇటువంటి కేంద్రకాలుగా పనిచేసి, మైనస్ 2 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్యనే మంచు ఏర్పడేటట్లు చేస్తాయి.

మంచు మొదట కణాల మధ్య ఉండే ఖాళీలలో ఏర్పడుతుంది. అది కణాల లోపలి నీటిని బయటకు లాగివేయడంతో కణాలు నిర్జలీకరణకు గురై వాటి పొరలు దెబ్బతింటాయి. సుప్తావస్థలోని మొగ్గలో నీరు తక్కువగాను, చక్కెరల వంటి రక్షక పదార్థాలు ఎక్కువగాను ఉంటాయి. మొగ్గ ఉబ్బడం మొదలైన తరువాత కణజాలంలోకి నీరు చేరి, ఈ రక్షణ క్రమంగా కరిగిపోతుంది. పూవులో అందరికంటే ముందుగా దెబ్బతినేది అండకోశమే. రేకులు తాజాగా కనిపిస్తున్నప్పటికీ లోపల అండకోశం గోధుమ రంగుకు మారి ఉంటే ఆ పూవు కాయగా మారదు.

దశను బట్టి మారే హద్దులు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు యాపిల్ మొగ్గల వివిధ దశలకు ప్రమాదకర ఉష్ణోగ్రతలను నిర్ధారించారు. అరగంట సేపు ఆ ఉష్ణోగ్రతకు గురైనప్పుడు కలిగే నష్టాన్ని ఈ విలువలు సూచిస్తాయి.

పట్టిక: యాపిల్ మొగ్గలు 10 శాతం, 90 శాతం చనిపోయే ఉష్ణోగ్రతలు (డిగ్రీల సెల్సియస్)
వెండి కొన దశ: −9.4, −16.7
ఆకుపచ్చ కొన దశ: −7.8, −12.2
బిగువు గుత్తి దశ: −2.8, −6.1
తొలి గులాబీ దశ: −2.2, −4.4
పూర్తి పూత దశ: −2.2, −3.9

ఈ పట్టిక నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, దశ ముందుకు సాగేకొద్దీ తట్టుకొనే శక్తి తగ్గడం. ఇది అందరికీ తెలిసినదే. రెండవది అంతగా గుర్తింపు పొందనిది. వెండి కొన దశలో 10 శాతం నష్టానికి, 90 శాతం నష్టానికి మధ్య 7 డిగ్రీలకు పైగా అంతరం ఉన్నది. పూర్తి పూత దశలో ఆ అంతరం 2 డిగ్రీలు కూడా లేదు. అనగా పూత సమయంలో సూచనలో ఒకటిన్నర డిగ్రీ పొరపాటు జరిగితే, స్వల్ప నష్టం అనుకొన్నది సర్వనాశనంగా పరిణమించవచ్చు. భారీగా పూసిన యాపిల్ చెట్టుకు మొత్తం పూలలో 5 నుంచి 10 శాతం కాయలుగా నిలిచినా పూర్తి దిగుబడి వస్తుంది కనుక 10 శాతం నష్టం రైతుకు నష్టమే కాదు. 90 శాతం దాటిన తరువాత మాత్రం ప్రతి పూవూ లెక్కలోకి వస్తుంది.

మిషిగన్ రాష్ట్ర అనుభవం, 2012

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో యాపిల్, చెర్రీ తోటలు అధికంగా మిషిగన్ సరస్సుకు తూర్పు తీరాన ఉన్నాయి. వసంతంలో చల్లగా ఉండే సరస్సు నీరు తీరంలోని గాలిని చల్లబరచి, పూతను ఆలస్యం చేసి, తుషార కాలం దాటేవరకు మొగ్గలను కాపాడుతుంది. 2012 మార్చిలో ఈ సహజ రక్షణ విఫలమైంది. 1895 నుంచి ఉన్న నమోదులలో అమెరికా ప్రధాన భూభాగానికి అప్పటివరకు అంత వేడి మార్చి మరొకటి లేదు. మిషిగన్‌లో మార్చి మధ్యలో పలు దినాలు పగటి ఉష్ణోగ్రత 26 డిగ్రీలు దాటింది. శీతల అవసరం అప్పటికే తీరిన చెట్లు సుప్తావస్థ నుంచి మేల్కొని, దాదాపు నెల ముందుగానే పూత దశకు చేరుకొన్నాయి.

ఏప్రిల్‌లో పలు రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోయింది. ఆ ప్రాంతానికి ఏప్రిల్ తుషారం కొత్త కాదు; మే నెలలో కూడా అక్కడ తుషారం కురుస్తుంది. సాధారణ సంవత్సరంలో అవే రాత్రులు పెద్దగా హాని లేకుండా గడిచిపోయేవి. మొగ్గలు మాత్రం ఆ ఏడాది నెల ముందుకు జరిగి ఉన్నాయి. సుమారు 2 కోట్ల బుషెళ్ల యాపిల్ దిగుబడి రావలసిన రాష్ట్రంలో 30 లక్షల బుషెళ్లు కూడా రాలేదు. యాపిల్‌కు ఒక బుషెల్ సుమారు 19 కిలోలు. పుల్లని చెర్రీ పంట కూడా దాదాపు పూర్తిగా నశించింది. పంట పాడైన ఏప్రిల్ నెలలో కాక, వెచ్చగా గడిచిన మార్చి నెలలోనే ఆ నష్టానికి బీజం పడిందని చెప్పవచ్చును.

వేడెక్కుతున్న వాతావరణంలో తుషార నష్టం

భూతాపం పెరుగుతున్నప్పుడు తుషార నష్టం తగ్గవలెను కదా అన్న సందేహం విద్యార్థులకు సహజంగా కలుగుతుంది. 2021 ఏప్రిల్ 6 నుంచి 8 వరకు ఫ్రాన్స్‌లోని ద్రాక్ష తోటలను దెబ్బతీసిన తుషారం దీనికి సమాధానం చూపింది. అక్కడ కూడా మార్చి చివరి దినాలు అసాధారణంగా వెచ్చగా గడిచాయి. వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం జరిపిన విశ్లేషణ ప్రకారం, వాతావరణ మార్పు వల్ల ఏప్రిల్ చలి తీవ్రత కొంత తగ్గినప్పటికీ, చిగురించే కాలం అంతకంటే ఎక్కువగా ముందుకు జరిగింది. ఫలితంగా చిగురు వచ్చిన తరువాత అటువంటి తుషారం సంభవించే అవకాశం సుమారు 60 శాతం పెరిగింది. చివరి తుషార దినం, చిగురు తేదీ రెండూ ముందుకు జరుగుతున్నాయి. వాటిలో ఏది వేగంగా జరుగుతున్నదన్నదే అసలు ప్రశ్న.

రక్షణ పద్ధతులు, వాటి పరిమితులు

గాలి యంత్రాలు పైనున్న వెచ్చని గాలిని కిందికి కలుపుతాయి. విలోమం ఉన్న రాత్రి ఇవి సఫలమవుతాయి. అభివహన తుషారంలో పైన వెచ్చని పొర లేనందున నిష్ప్రయోజనం.

తుంపర సేద్యం గుప్తోష్ణం ఆధారంగా పనిచేస్తుంది. ఒక కిలో నీరు గడ్డకట్టేటప్పుడు 334 కిలోజౌళ్ల ఉష్ణం విడుదలై మొగ్గను సున్నా సమీపంలో నిలుపుతుంది. అదే ఒక కిలో నీరు ఆవిరైతే సుమారు 2500 కిలోజౌళ్లు హరించుకుపోతాయి. అనగా ఆవిరైన ప్రతి కిలోకు ఏడున్నర కిలోల నీరు గడ్డకట్టినప్పుడే లెక్క సరిపోతుంది. పొడి గాలి వీచే రాత్రి, లేక మధ్యలో నీరు ఆగిపోయినప్పుడు, తడిసిన మొగ్గ తడవని మొగ్గ కంటే ఎక్కువగా చల్లబడుతుంది. కావున గాలి ఉష్ణోగ్రతను కాక తడిబల్బు ఉష్ణోగ్రతను చూసి తుంపరలు ప్రారంభించి, ఉదయం మంచు కరిగేవరకు ఆపకుండా కొనసాగించవలెను.

దీర్ఘకాలిక రక్షణ తోట నాటే స్థలంలోనే ఉన్నది. చల్లని గాలి జారిపోయే వాలు, దానికి అడ్డుపడే దట్టమైన కంచెలు లేకపోవడం, ఆలస్యంగా పూసే రకాలు యంత్రాల ఖర్చును తగ్గిస్తాయి.

విస్తరణ సేవలకు సూచనలు

మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ యాపిల్ తోటలకు ఈ సమస్య నేరుగా వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో వసంత తుషారం లేకపోయినా, ఇందులోని సూత్రం ఇక్కడికీ వర్తించేదే. యాసంగి వరి నారుమడులలో డిసెంబరు, జనవరి చలికి నారు పసుపుబారి ఎదగకపోవడం రైతులకు అనుభవమే. రాత్రివేళ నారుమడిని పాలిథిన్ పట్టాతో కప్పి ఉదయం తీసివేయడం, చల్లబడిన నీటిని తీసి కొత్త నీరు పెట్టడం కూడా ఉష్ణ సమతౌల్యాన్ని కాపాడే చర్యలే.

తుషార ప్రాంతాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్త మూడు పనులను క్రమం తప్పక చేయవలసి ఉంటుంది. మొదటిది, ఫిబ్రవరి చివరి నుంచి ఉష్ణ మొత్తాలను లెక్కించి పూత ఎన్ని దినాలు ముందుకు జరిగిందో అంచనా వేయడం. రెండవది, కనిష్ఠ ఉష్ణోగ్రతా సూచనతో పాటు ఆ వారపు మొగ్గ దశను, దానికి సంబంధించిన ప్రమాద హద్దును కూడా సలహాలో పేర్కొనడం. మూడవది, తుషారం పడిన కొన్ని గంటల తరువాత పల్లం నుంచి, వాలు నుంచి వేర్వేరుగా మొగ్గలు సేకరించి, కోసి చూసి, నష్ట శాతం తేల్చిన తరువాతనే పలుచన చేయడం, ఎరువులు, సస్యరక్షణ గూర్చి నిర్ణయం తీసుకొనడం.

ముగింపు

"రేపు రాత్రి మైనస్ 2 డిగ్రీలు" అన్న సూచన ఆకుపచ్చ కొన దశలోని తోటకు సాధారణ వార్త. పూర్తి పూతలో ఉన్న తోటకు అత్యవసర హెచ్చరిక. ఈ తేడాను రైతుకు ముందుగా తెలియజేయడం విస్తరణ సేవ బాధ్యత. వెచ్చని మార్చి నెలను శుభసూచకంగా కాక జాగ్రత్తపడవలసిన సమయంగా గుర్తించడంతోనే ఆ బాధ్యత ప్రారంభమవుతుంది.