కోడి తిరిగిన చేను!

కోడి చేలోకొస్తే ‘హుష్’ అని తరిమేస్తాం. అదే కోడి కలుపు మొలకలు పొడిచి, పురుగుల్ని ఏరి, రెట్టతో నేలకు బలమిస్తుందంటే? చచ్చిన నేలను బతికించడానికి ప్రపంచం ఇప్పుడు కోళ్లను మళ్లీ పొలంలోకి పిలుస్తోంది. నెల్లూరు తీరాన వాకాడు లాంటి ఊళ్లలో అది కుదిరే పనేనా? పది కోళ్లతో ఓ ఇంట్లో అయ్యే పని వేల ఇళ్లకు చేరాలంటే ఏం కావాలి?

తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజుకోకపోతే ఊరికి తెల్లవారదనుకుందట ఓ ముసలమ్మ. ఊళ్లోవాళ్ల మీద కోపంతో ఆ రెండింటినీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఊరికి మామూలుగానే తెల్లవారింది. ఆ కథ విని నవ్వుకోని తెలుగువాళ్లుండరు. కానీ గత యాభై ఏళ్లలో ఆ ముసలమ్మ కోడి నిజంగానే ఊరు వదిలిపోయింది. అడవికి కాదు, షెడ్డుకి!

ఆ వలస మనకు మేలే చేసింది. 1971లో బి.వి.రావు హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ ప్రారంభించాక కోళ్ల పెంపకం పరిశ్రమగా మారింది. గుడ్డు సామాన్యుడికి అందింది. 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తయితే అందులో దాదాపు 18 శాతం ఆంధ్రప్రదేశ్‌వే. మొదటి స్థానం మనదే.

మరి పోయిందేమిటి? పొలానికీ కోడికీ ఉన్న చుట్టరికం. ఇప్పుడు మొక్కజొన్న ఒకచోట పండుతుంది, కోడి మరోచోట తింటుంది. షెడ్డు కింద రెట్ట గుట్టలుగా పేరుకుని ఈగలకు నిలయమవుతుంది. ఆ మొక్కజొన్న పండించిన రైతేమో యూరియా కోసం బారులు తీరతాడు. ఒకచోట ఎరువు ఎక్కువై బాధ, ఇంకోచోట లేక బాధ!

ఇసుక నేల... ఉప్పు గాలి

వాకాడుది తీరప్రాంతపు నేల. స్వర్ణముఖి ఈ ఊరి మీదుగా సాగి బంగాళాఖాతం వైపు వెళుతుంది. తూర్పున తూపిలిపాలెం, దుగరాజపట్నం లాంటి సముద్రపు పల్లెలు. తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ. దక్షిణాన పులికాట్ సరస్సు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ఈ మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కానీ మాటా, పంటా, కూరా అన్నీ నెల్లూరువే.

తీరం దగ్గరి ఇసుక నేలకు ఓ బలహీనత ఉంది. నీరూ నిలవదు, సత్తువా నిలవదు. ఎరువు వేస్తే ఓ పెద్ద వానకు కిందికి దిగిపోతుంది. పైగా 1990ల్లో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వేశారు. పక్క పొలాల్లోకీ, తాగునీటిలోకీ ఉప్పు చేరుతోందన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర నియంత్రణ ప్రాంతంలోని చెరువులపై 1996 డిసెంబరులో కోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత చట్టాలు మారాయి, చెరువులు మాత్రం కొనసాగాయి.

ఇలాంటి నేలకు కావలసింది సేంద్రియ పదార్థం. అది మట్టిలో స్పంజిలా పనిచేసి నీటినీ, పోషకాలనీ పట్టి ఉంచుతుంది. అది రావాలంటే నేల మీద ఆకూ అలమూ పడాలి, పశువో పక్షో తిరగాలి.

తాతల నాటి తెలివే!

నెల్లూరు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కోత అయ్యాక గొర్రెల కాపరిని పిలిచి పొలంలో ‘మంద’ కట్టించడం మన ఊళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. రాత్రంతా గొర్రెలు అక్కడే ఉంటాయి. తెల్లారేసరికి పెంట, మూత్రం నేలలో కలుస్తాయి. అందుకు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు.

అలాంటిదే బాతుల మంద. వరి కోసిన మళ్లలో వందలాది బాతులు బారుగా నడిచిపోవడం ఈ ప్రాంతంలో చూడముచ్చటైన దృశ్యం. రాలిన గింజలు, నత్తలు, పురుగులు... వాటికి అదే విందు. మేత అయిపోగానే మరో ఊరు. బాతుకి మేత ఖర్చు తగ్గుతుంది, మడికి ఎరువు మిగులుతుంది.

జపాన్‌లో తకావో ఫురునో అనే రైతు ఈ ఆలోచనని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. కోత తర్వాత కాదు, నాట్లు పడ్డాకే బాతు పిల్లల్ని మడిలోకి వదిలాడు. అవి కలుపునీ పురుగునీ తిన్నాయి, వరి జోలికి పోలేదు. వెన్ను తీసే వేళకి వాటిని బయటికి తోలేస్తే చాలు. ఆసియాలో చాలా దేశాల రైతులు ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నారు.

గూడే నడుస్తుంది

అమెరికాలో ఇదే సూత్రాన్ని కోళ్లకు వాడి పేరు తెచ్చుకున్నాడు వర్జీనియా రైతు జోయెల్ సలాటిన్. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, రెండడుగుల ఎత్తుతో అడుగు లేని గూడు కట్టాడు. అందులో డెబ్భై, ఎనభై కోళ్లు. రోజూ పొద్దున్నే గూటిని దాని పొడవంత ముందుకు జరుపుతాడు. కోళ్లకు కొత్త గడ్డి, వెనక మిగిలిన నేలకు ఒక్కరోజు రెట్ట. ఆవులు మేసి వెళ్లిన చోటికి మూడు నాలుగు రోజుల తర్వాత గుడ్ల కోళ్లను పంపుతాడు. అప్పటికి పేడలో ఈగల పురుగులు పుడతాయి. కోళ్లు పేడను గీరి వాటిని ఏరుకుంటాయి. ఈగల మందు అక్కర్లేదు!

మిన్నెసోటాలో రెజినాల్డో హాస్లెట్-మారోక్విన్ మరో దారి పట్టాడు. కోడి మొదట అడవి పక్షి, దానికి గద్ద భయం లేని చెట్టు నీడ కావాలన్నాడు. హేజెల్ కాయల చెట్ల కింద కోళ్లను పెంచాడు. మన దగ్గర హేజెల్ లేకపోతేనేం? గూడూరు ప్రాంతమంతా నిమ్మతోటలే. తీరాన సరుగుడు తోపులు, ఊళ్లలో మామిడి, జామ. నీడకు కొదవేమీ లేదు.

అయితే ఇందులో ఓ కిటుకుంది. ‘కదలడం’. కోళ్లు ఒకేచోట ఉంటే గడ్డిని వేళ్లతో సహా పెకలిస్తాయి. రెట్ట ఎక్కువైతే మొక్కలు మాడిపోతాయి. కదిలిస్తే అదే రెట్ట అమృతం. ఓ పెద్ద కోడి రోజుకి సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. ఆ లెక్కన వంద కోళ్లు ఏడాదికి 3.6 టన్నుల పచ్చి ఎరువు ఇస్తాయి. పశువుల పేడకన్నా అందులో నత్రజని ఎక్కువ. మోత కూలీ లేదు, చల్లే కూలీ లేదు!

మన నేల మీద మన ఉద్యమం

నేలను బతికించే సేద్యంలో ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే ప్రపంచం చూపు తనవైపు తిప్పుకుంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి.విజయ్‌కుమార్ ఆధ్వర్యంలో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి సేద్యం కార్యక్రమం మహిళా సంఘాల ద్వారా ఊరూరా పాకింది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిపి ఈ కార్యక్రమానికి ప్రకటించేనాటికి పది లక్షల మందికి పైగా రైతులు ఇందులో ఉన్నారు. జీవామృతం, బీజామృతం, వానలకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి... ఏడాదంతా నేల పచ్చగా ఉండాలన్నదే సూత్రం.

ఆ పచ్చదనంలో కోడి కూడా తిరిగితే? పశువుల్నీ కోళ్లనీ పంటతో కలపాలన్నది ఈ సేద్యంలోనూ ఉన్న మాటే. కోడికి పురుగులు తగిలే చేను కావాలి, పురుగుమందు కొట్టని చేను కావాలి. ప్రకృతి సేద్యం చేసే పొలాన్ని మించింది ఏముంటుంది?

కోడిపిల్లలకూ కొరత లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకానికి ప్రత్యేకంగా వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, వనరాజా వంద దాటుతుంది. మంచి సంరక్షణ ఉంటే గ్రామప్రియ 160 దాకా ఇస్తుంది. కానీ పొదిగి, పిల్లల్ని వెంటేసుకు తిరిగి, గద్ద నీడ పడగానే రెక్కల కింద దాచుకునే తెలివి మాత్రం నాటుకోడిదే!

పదింటికి సరే... వందకి?

అసలు చిక్కంతా ఇక్కడే. ఓ ఇంటి పెరడు, దాని చుట్టూ దొడ్డి పదీ ఇరవై కోళ్లకు తిండి పెడతాయి. రెండొందలకు పెట్టలేవు. కోడి రోజుకి వంద గ్రాములకు పైగా తింటుంది. షెడ్డు కోళ్ల ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే. పచ్చిక, పురుగులు కలిసి ఆ ఖర్చులో కొంత తగ్గిస్తాయి తప్ప మొత్తం తీర్చవు. ఆరుబయట కోడంటే ఖర్చు లేని కోడి అనుకుని వందలకొద్దీ పిల్లల్ని దింపిన రైతుకి నష్టమే మిగులుతుంది.

రెండోది జబ్బు. కొక్కెర తెగులు వచ్చిందంటే రాత్రికి రాత్రే గంపలు ఖాళీ అవుతాయి. దానికి టీకా ఉంది, ఖరీదూ ఎక్కువ కాదు. కానీ ఓ సీసా తెరిస్తే వంద కోళ్లకు పైగా వస్తుంది. పది కోళ్లున్న అమ్మ ఒక్కర్తే ఏం చేస్తుంది? పైగా టీకా మందు చల్లగా ఉండాలి. ఎండలో పల్లెదాకా తెచ్చేసరికి పాడైతే వేసినా వేయనట్టే.

మూడోది కుక్క, ముంగిస, గద్ద. నాలుగోది ఈ తీరానికి ప్రత్యేకమైన భయం. పులికాట్, నేలపట్టులకు శీతకాలంలో వేలాది వలస పక్షులొస్తాయి. వాటితో పండగ, వాటితోనే గుబులు. అడవి నీటిపక్షుల్లో కొన్ని బర్డ్‌ఫ్లూని పైకి తెలియకుండా మోస్తాయి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో ఆ వ్యాధి బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో పెద్ద పెద్ద ఫారాలనే ఊడ్చేసింది. షెడ్డులో ఉన్నంత మాత్రాన కోడి క్షేమం కాదని తేలింది. ఆరుబయట తిరిగే కోడికి ముప్పు ఉండనే ఉంది. బ్రిటన్‌లో 2022 మార్చిలో ఏం జరిగిందో తెలుసా? బర్డ్‌ఫ్లూ వల్ల కోళ్లన్నిటినీ నెలల తరబడి లోపలే ఉంచాల్సి వచ్చింది. దాంతో ‘ఆరుబయట కోళ్ల గుడ్లు’ అన్న పేరే కొన్నాళ్లు గుడ్ల పెట్టెల మీద వాడకుండా ఆపేశారు!

అందుకే ఇక్కడ కొన్ని జాగ్రత్తలు తప్పవు. కోళ్లనీ బాతుల్నీ కలపకూడదు. చెరువు నీళ్లు కాకుండా బోరు నీళ్లు పెట్టాలి. దాణా పైకప్పు కిందే ఉండాలి. వలస పక్షులొచ్చే నెలల్లో వ్యాధి కబురు వినగానే కోళ్లను వలలోకి, గూళ్లలోకి మార్చే వీలుండాలి. చనిపోయిన కోడిని వండుకోవడం, కాలువలో పారేయడం అసలే కూడదు.

పెద్ద ఫారం కాదు... పెద్ద సంఘం

మరి విస్తరించేదెలా? ఓ రైతు పదివేల కోళ్లు పెంచడం కాదు, వెయ్యి ఇళ్లు పదేసి పెంచడమే దారి. లెక్క అదే, నేల మీద బరువు వేరు. 

అందుకు ఉమ్మడిగా ఉండాల్సినవి మూడు. మొదటిది తల్లి యూనిట్. కోడిపిల్లలు ఎక్కువగా చనిపోయేది మొదటి వారాల్లోనే. ఒకచోట వెచ్చగా ఉంచి, టీకాలు వేసి, నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి ఇస్తే ఇంటికెళ్లిన పిల్ల నిలబడుతుంది. 2021లో మార్చిన జాతీయ పశుసంపద పథకంలో పల్లె కోళ్ల తల్లి ఫారం, హేచరీ, తల్లి యూనిట్ కలిపి పెట్టుకునేవారికి సగం పెట్టుబడి, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల దాకా రాయితీ పెట్టారు. సంఘాలు కూడా అర్హులే.

రెండోది టీకా. తూర్పుగోదావరి ఏజెన్సీలో ‘ఆంత్ర’ సంస్థ చూపింది ఇదే. అక్కడి గిరిజన మహిళలే టీకాలు వేయడం నేర్చుకుని, ఊరి కోళ్లన్నిటికీ ఒకేరోజు వేసేవారు. అంతరించిపోతున్న అసీల్ జాతిని నిలబెట్టేందుకు పాత ‘వాటా’ పద్ధతినీ మళ్లీ తెచ్చారు. పెట్ట ఉన్నావిడ లేనావిడకి ఇస్తుంది, పొదిగిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. అప్పు లేదు, వడ్డీ లేదు. ఊరు మాత్రం కోళ్లతో నిండుతుంది!

మూడోది అమ్మకం. పది కోళ్ల ఇంటికి బేరమాడే బలముండదు. వంద ఇళ్ల గుడ్లు ఒక్క బుట్టలో చేరితే గూడూరుకో, నెల్లూరుకో, చెన్నైకో పంపొచ్చు. ఏ చేలో తిరిగిన కోడో చెప్పి అమ్మొచ్చు.

ఇంటి లెక్క చూద్దాం. పదిహేను గ్రామప్రియ పెట్టలు ఏడాదికి 160 చొప్పున పెడితే 2,400 గుడ్లు. అంటే నెలకి రెండొందలు. సగం పిల్లలకు పెట్టినా సగం అమ్ముకోవచ్చు. గుడ్డు పది రూపాయలనుకుంటే నెలకి వెయ్యి. అందులో గింజలకూ టీకాలకూ పోను మిగిలేది పెద్ద మొత్తమేం కాదు. కానీ అది ఎవర్నీ అడక్కుండా ఆ ఇల్లాలి కొంగున చేరే డబ్బు. ఇక నిమ్మచెట్ల కింద పడ్డ రెట్ట లెక్కలోకే రాలేదు.

ముసలమ్మ కోడి లేకపోయినా ఊరికి తెల్లవారుతుంది, నిజమే. కానీ ఆ కోడి లేక చేనికి ఆకలవుతోందని ఇప్పుడు తెలిసొచ్చింది. ఇంతకాలం ‘హుష్’ అన్న చేత్తోనే గుప్పెడు గింజలు చల్లి ‘బా... బా...’ అని పిలవాల్సిన వేళ ఇది. వస్తుందా అంటే, తప్పకుండా వస్తుంది. గూడు, టీకా, తోడు... ఈ మూడూ మనం సిద్ధంగా ఉంచితే!