బోధిధర్ముడు మందు ఇవ్వలేదు, తన్నడం నేర్పలేదు

తెలిసిన పెద్దాయన ఒకరు ఏళ్ల తరబడి వాడుతున్న షుగరు మాత్రలు ఉన్నట్టుండి మానేశారు. ఎందుకండీ అంటే ఫోను తీసి వీడియో చూపించారు. "మనవాడే బాబూ! కంచి రాజకుమారుడు. చైనావాళ్లకి వైద్యం నేర్పిందీ ఆయనే, కుంగ్‌ఫూ నేర్పిందీ ఆయనే. ఆ ఊపిరి కిటుకు మనం పోగొట్టుకున్నాం, వాళ్లు దాచుకున్నారు" అన్నారు. కిటుకు నేర్పే ఆన్‌లైన్ క్లాసుకు ఫీజు కట్టారు. దాంతోపాటు అమ్మే పొడి డబ్బా కూడా కొన్నారు. కొన్నాళ్లకు కాలి పుండు మానక ఆస్పత్రిలో చేరారు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, మాత్రలు ఎవరు మానమన్నారు అని. బోధిధర్ముడు అని ఆయన చెప్పలేకపోయారు.

ఈ పుకారు ఎక్కడిదో కనిపెట్టడానికి చరిత్రకారులు అక్కర్లేదు. 2011లో ఎ.ఆర్. మురుగదాస్ తీసిన తమిళ సినిమా తెలుగులో ‘సెవెన్త్ సెన్స్’గా వచ్చింది. సూర్య బోధిధర్ముడుగా కనిపించిన ఆ మొదటి అరగంట చాలామంది బుర్రల్లో చరిత్ర పాఠంగా స్థిరపడిపోయింది. పల్లవ యువరాజు చైనా వెళ్తాడు, అంటురోగం మాన్పుతాడు, యుద్ధవిద్య నేర్పుతాడు, చివరికి ఆ ఊరివాళ్లే ఆయనకు విషం పెడతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ ముక్కలు మళ్లీ బయటికొచ్చి ఫోన్లన్నీ తిరిగాయి. సినిమావాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లు కథ చెప్పి టికెట్టు అమ్మారు. అదే కథ చెప్పి మందు అమ్మేవాళ్లతోనే నా పేచీ.

ముందు మనిషి సంగతి. బోధిధర్ముడి పేరు కనిపించే అతి పాత రచన 547 ప్రాంతంలో యాంగ్ షువాన్‌జీ అనే అధికారి లువోయాంగ్ నగరంలోని బౌద్ధారామాల గురించి రాసిన పుస్తకం. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన భిక్షువు. వయసు నూట యాభై అని తానే చెప్పుకున్నాడట. యోంగ్‌నింగ్ ఆరామంలోని ఎత్తయిన గోపురాన్ని చూసి, ఇలాంటిది ఎక్కడా చూడలేదని చేతులు జోడించి రోజుల తరబడి నామం జపించాడట. అంతే. ఆయన రోగం మాన్పిన ఊసు గానీ, ఎవరినైనా కొట్టిన ఊసు గానీ అందులో లేదు.

తర్వాత థాన్‌లిన్ అనే ఆయన, దక్షిణ భారతదేశపు రాజు మూడో కొడుకు అన్నాడు. 645లో భిక్షువుల జీవితచరిత్రలు కూర్చిన దావోషువాన్, దక్షిణాది బ్రాహ్మణుడు అన్నాడు. కంచి పేరు ఈ ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. పల్లవుల మాటా లేదు. అదంతా తర్వాతివాళ్ల ఊహ. దక్షిణాది భిక్షువే అన్నమాట నమ్మదగ్గదేనని చాలామంది పండితులు ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ‘మనవాడే’ అని జబ్బలు చరుచుకునేవాళ్లు, ఆయన గురించి రాసిన మొట్టమొదటి మనిషి ఆయన్ని పర్షియావాడన్నాడని కూడా గుర్తుంచుకుంటే మంచిది.

ఇక కుంగ్‌ఫూ. షావోలిన్ ఆరామాన్ని ఉత్తర వేయ్ చక్రవర్తి 495 ప్రాంతంలో కట్టించింది బాతువో అనే మరో భారతీయ భిక్షువు కోసం. ఆయన పేరు మనవాళ్లలో ఒక్కరికీ తెలియదు, ఆయన మీద సినిమా రాలేదు కదా! బోధిధర్ముడు అసలు షావోలిన్‌లో ఉన్నాడన్న మాట కూడా నేను పైన చెప్పిన తొలి రచనల్లో లేదు. తొమ్మిదేళ్లు గోడకేసి చూస్తూ ధ్యానం చేశాడన్న గుహ కథ షావోలిన్‌కు తర్వాత అతుక్కుంది.

సరే, కాసేపు ఉన్నాడనే అనుకుందాం. చైనావాళ్లకు ఆయన వచ్చేదాకా చెయ్యెత్తడం రాదా? క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రాసిన హాన్ వంశ చరిత్రలో గ్రంథాల జాబితా ఒకటి ఉంది. అందులో చేతులతో పోరాడే విద్య మీద ఆరు అధ్యాయాల పుస్తకం పేరు కనిపిస్తుంది. వ్యాయామం, ఊపిరి సాధన అంటారా, క్రీ.పూ. 168లో మూసిన మావాంగ్‌దుయ్ సమాధి 1970లలో తవ్వితే పట్టు గుడ్డ మీద గీసిన బొమ్మలు దొరికాయి. నలభైకి పైగా మనుషులు, ఆడా మగా, వంగుతూ, చేతులు చాపుతూ, ఒళ్లు విరుస్తూ కనిపిస్తారు. బోధిధర్ముడు పుట్టడానికి కనీసం ఆరువందల ఏళ్ల ముందటి బొమ్మలవి. పులి, జింక, ఎలుగుబంటి, కోతి, కొంగ కదలికలను అనుకరించే వ్యాయామాన్ని రెండో శతాబ్దపు వైద్యుడు హువా తువో పేరుతో చెబుతారు. మనం నేర్పామంటున్న విద్య అక్కడ అప్పటికే పాతబడిపోయింది.

షావోలిన్ భిక్షువులు పోరాడిన మాట మాత్రం నిజమే. 621లో లీ షిమిన్ తన శత్రువు వాంగ్ షీచోంగ్ మీద యుద్ధం చేస్తున్నప్పుడు ఈ భిక్షువులు అతని పక్షాన దిగారు. ఆ సాయానికి బదులుగా, తర్వాత థాంగ్ చక్రవర్తి అయిన అతను ఆరామానికి భూములూ గౌరవమూ ఇచ్చాడు. 728లో చెక్కిన శిలాశాసనం ఇప్పటికీ అక్కడుంది. భిక్షువులు కర్ర పట్టింది పొలాలు కాపాడుకోవడానికి, గెలిచే పక్షాన నిలబడడానికి. ఇందులో ఆధ్యాత్మిక రహస్యం ఏముందో నాకైతే కనబడదు.

అన్నిటికంటే సరదా సంగతి ఒకటుంది. 17వ శతాబ్దం తొలినాళ్లలో షావోలిన్ కర్రసాము మీద చెంగ్ జోంగ్‌యూ ఒక పుస్తకం రాశాడు. ఆయన ఆ ఆరామంలోనే ఏళ్ల తరబడి నేర్చుకున్నవాడు. ఈ విద్య మాకు ఎవరిచ్చారని అక్కడి భిక్షువులు చెప్పుకునేవారో అందులో ఉంది. వాళ్లు చెప్పింది కిన్నరుడి పేరు! మన పురాణాల్లో గంధర్వుల పక్కన పాటలు పాడుకునే కిన్నరుడే. బౌద్ధంతోపాటు చైనా వెళ్లి, షావోలిన్‌లో కర్ర పట్టిన దేవుడయ్యాడు. అంటే బోధిధర్ముడు చనిపోయిన వెయ్యేళ్లకు కూడా షావోలిన్‌వాళ్లకే ఆయన తమ యుద్ధగురువని తెలియదు. కొత్తగా క్లాసులు పెట్టిన మన గురువులకు తెలిసింది.

మరి ఆయన పేరు ఎలా అతుక్కుంది? ఒక దొంగ ముందుమాట వల్ల. ‘యీ జిన్ జింగ్’ అని కండరాలూ నరాలూ గట్టిపరచుకునే వ్యాయామాల పుస్తకం ఉంది. అది బోధిధర్ముడిదని అందులోనే రాసి ఉంది. దాన్ని 1624లో తియాన్‌తాయ్ కొండల దగ్గరి సాధువు ఒకడు రాశాడని పరిశోధకుల నిర్ణయం. ఆ సాధువు బౌద్ధుడు కూడా కాదు, తావో మార్గంవాడు. పుస్తకానికి పాతకాలపు ముందుమాటలు రెండు తగిలించాడు. ఒకటి 628లో లీ జింగ్ అనే సేనాని రాసినట్టు, రెండోది 1142లో నియూ గావ్ అనే సేనాని రాసినట్టు. మొదటి ముందుమాట ప్రకారం ఈ పుస్తకం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ వచ్చింది. ఆ వరసలో ఉన్న గుబురు గడ్డం వీరుడు థాంగ్ కాలపు కథల్లోని పాత్ర, ఒట్టి కల్పన. రెండో ముందుమాటలో నియూ గావ్ తనకు అక్షరమ్ముక్క రాదని చెప్పుకుంటాడు. అక్షరం రానివాడు ముందుమాట రాశాడు! చైనాలో చదువుకున్నవాళ్లు చింగ్ కాలంలోనే దీన్ని వెక్కిరించారు. 1930లో థాంగ్ హావ్ అనే చరిత్రకారుడు ఈ కట్టుకథ గుట్టు మొత్తం విప్పిపెట్టాడు. ఈలోగా 20వ శతాబ్దం తొలి ఏళ్లలో లియూ ఎ రాసిన నవల ఒకటి బోధిధర్ముణ్ణి ముష్టియుద్ధానికి మూలపురుషుణ్ణి చేసి ఇంటింటికీ చేర్చింది. అక్కడ నవల, ఇక్కడ సినిమా.

వైద్యం దగ్గర మాత్రం కొంచెం తగ్గాలి. ఇష్టం లేకపోయినా తగ్గాలి, ఎందుకంటే పుకారు పక్కనే ఒక నిజం ఉంది. మన వైద్యం బౌద్ధ భిక్షువుల వెంట చైనా వెళ్లింది. కంటిలో శుక్లాన్ని సూదితో పక్కకు నెట్టే చికిత్స ఇక్కణ్ణుంచి అక్కడికి చేరింది. థాంగ్ కాలపు కవి లియూ యూషీ తన చూపు మందగిస్తే బ్రాహ్మణ భిక్షువైన కంటి వైద్యుడికి పద్యం రాసి ఇచ్చాడు. అక్కడ పేరుపడ్డ కంటివైద్య గ్రంథం ఒకటి నాగార్జునుడి పేరుతో చెలామణీ అయింది. కృష్ణాతీరాన శ్రీపర్వతంతో మనం ముడిపెట్టుకునే ఆ నాగార్జునుడే! ఆ గ్రంథం నిజంగా ఆయనే రాశాడని నేను అనను, పెద్ద పేరు తగిలించడం చైనాలోనూ మామూలే. కానీ గొప్ప చెప్పుకోవాలని అంత సరదాగా ఉంటే తెలుగువాడికి ఈ దారి ఉంది, పక్కనున్న కంచి దాకా పోనక్కర్లేదు. బోధిధర్ముణ్ణి తమ గురువుగా చెప్పుకునే ధ్యానమార్గం జెన్. ఆ పరంపర లెక్కలో నాగార్జునుడు పద్నాలుగో గురువు, బోధిధర్ముడు ఇరవై ఎనిమిదోవాడు. నాగార్జునకొండ మ్యూజియానికి బోటు మీద పోయి సెల్ఫీ దిగి వచ్చేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

బోధిధర్ముడు చెప్పింది మరేమిటి? ఆయన బోధగా మిగిలింది చిన్న రచన, రెండు ద్వారాలు, నాలుగు ఆచరణలు. కష్టం వస్తే పాతబాకీ అనుకుని పగ లేకుండా భరించడం మొదటిది. సుఖం వస్తే అదీ పోయేదేనని పొంగకుండా ఉండడం రెండోది. దేన్నీ వెంటపడి కోరకుండా ఉండడం మూడోది. ధర్మానికి తగ్గట్టు మసలడం నాలుగోది. ఆరోగ్యం ఇస్తాను, బలం ఇస్తాను, వశీకరణం ఇస్తాను అని ఇందులో ఎక్కడుంది? దక్షిణ చైనాను ఏలిన లియాంగ్ వూ చక్రవర్తి, ఇన్ని ఆరామాలు కట్టించాను, నాకెంత పుణ్యం వచ్చిందని అడిగితే ఏమీ రాలేదన్నాడని ఓ కథ ఉంది. అదీ తర్వాత పుట్టిన కథే. అయినా మనిషి స్వభావం గురించి సినిమా పోస్టరు కంటే సరిగ్గా చెబుతుంది. రాజుకే పుణ్యం అమ్మనివాడు మనకు ఆన్‌లైన్‌లో పొడి అమ్ముతాడా?

పక్క దేశపు గురువును మా శిష్యుడని చెప్పుకునే జబ్బు మనకొక్కరికే లేదు. 300 ప్రాంతంలో వాంగ్ ఫూ అనే తావో మతస్థుడు ఏకంగా పుస్తకమే రాశాడు. తావోవాళ్లు తమ మూలగురువుగా చెప్పుకునే లావోత్సే పశ్చిమానికి వెళ్లి, భారతదేశంలో బుద్ధుడై బోధించాడని అందులో కథ. అంటే బౌద్ధం కూడా మేడిన్ చైనానే. దాని మీద బౌద్ధులూ తావోవాళ్లూ వందల ఏళ్లు కొట్లాడుకున్నారు. చివరికి 1281లో కుబ్లయ్ ఖాన్ ఆ పుస్తకాన్ని తగలబెట్టమన్నాడు. అసలు లావోత్సే ఎవరో క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటికే చరిత్రకారుడు సీమా చ్యెన్ తేల్చలేకపోయాడు, ముగ్గురి పేర్లు రాసి వదిలేశాడు. అలాంటివాణ్ణి బుద్ధుణ్ణి చేశారు!

మిగతావి ఒక్కో ముక్కలో చెప్పేస్తాను. షోకేసులో బొజ్జ నిమురుతున్న లాఫింగ్ బుద్ధ గౌతముడు కాదు, పదో శతాబ్దంలో సంచి మోసుకు తిరిగిన బుదాయ్ అనే చైనా భిక్షువు. తావో మతాన్ని లావోత్సే స్థాపించలేదు, సంఘంగా నిలబెట్టింది 142లో సిచువాన్‌లో జాంగ్ దావ్‌లింగ్. తాయ్‌చీని కనిపెట్టాడంటున్న జాంగ్ సాన్‌ఫెంగ్ కథ బోధిధర్ముడి కథకు కవలపిల్ల. కన్ఫ్యూషియస్ అన్నాడంటూ గుడ్‌మార్నింగ్ మెసేజిల్లో వచ్చేవాటిని నమ్మకండి, చర్చ అనవసరం. ఇంత చెప్పాక ఒకటి మిగిలింది. ఈ పెద్దల్లో శిష్యుల చదువులో ఆయుధానికి చోటిచ్చినవాడు ఎవరని అడిగితే కన్ఫ్యూషియస్ పేరు చెప్పాలి. ఆనాటి పెద్దమనిషి నేర్వాల్సిన ఆరు విద్యల్లో విలువిద్య, రథం తోలడం ఉన్నాయి. ఆయన తండ్రి పేరుమోసిన సైనికుడు. కుంగ్‌ఫూ క్లాసు గోడ మీద ఆయన ఫొటో పెట్టినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

మందుల విషయం మళ్లీ చెప్పక తప్పదు. అమరత్వం ఇస్తాయని తావో రసవాదులు చేసిన పాదరసం, సింధూరం గుళికలు మింగి థాంగ్ చక్రవర్తులు ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడి పోయారు. 845లో బౌద్ధారామాలను కూలగొట్టించిన వూజోంగ్, మరుసటి ఏడు అవే గుళికలతో ముప్పై ఒక్క ఏళ్లకే పోయాడు. రాజవైద్యులను పక్కన పెట్టుకునే పోయాడు. ఇక బుద్ధుడి సంగతి చూడండి. ఒంట్లో బాగోకపోతే తక్షశిలలో చదువుకుని వచ్చిన వైద్యుడు జీవకుణ్ణి పిలిపించుకున్నాడు. భిక్షువులకు జబ్బు చేస్తే ఏ మందులు పుచ్చుకోవచ్చో వినయపిటకంలో ఒక అధ్యాయమే ఉంది. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం అందులో మొదటి అయిదు. చివరి రెండూ మా పెద్దాయనకు పనికిరావనుకోండి. ఊపిరి బిగబట్టుకుని కూర్చో, తగ్గిపోతుంది అని మాత్రం బుద్ధుడు ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి ధ్యానం చెయ్యాలనిపిస్తే చెయ్యండి, మనసుకు మంచిదే, దానికి ఖర్చూ లేదు. పిల్లల్ని కుంగ్‌ఫూకో కరాటేకో పంపండి, నడుం వంగుతుంది. చేర్పించే ముందు కోచ్ ఎక్కడ నేర్చుకున్నాడో, దెబ్బ తగిలితే ఏం చేస్తాడో అడగండి, బోధిధర్ముడి నుంచి ఎన్నో తరమో అడగొద్దు. డాక్టరు రాసిన మాత్ర ఏదైనా ఆపాలంటే ఆ డాక్టరునే అడగాలి. పొడి డబ్బా మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, అందులో ఏమేం కలిపారో లేకపోతే ఇంట్లోకి తేవద్దు. ఇప్పటికే వాడుతున్నట్టయితే డబ్బా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి, సిగ్గుపడి దాచొద్దు. మా పెద్దాయన దాచారు. నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మాయి బ్యాగులోంచి తీసి చూపిస్తే గానీ ఆయన కిడ్నీ పరీక్షలు ఎందుకు అలా వస్తున్నాయో డాక్టర్లకు అనుమానం తగల్లేదు.