ఆరు రుచులు - కానరాని దిక్కు

ఉగాదినాడు ఆరు రుచులను ఒక్క పచ్చడిలో చవిచూచు మన శ్రోతలకు, పదార్థమూలమునందును ఆరు రుచులు కలవన్న మాట వింతగా తోపదు. ప్రోటానులు, న్యూట్రానులు క్వార్కులను సూక్ష్మకణములతో ఏర్పడినవి. ఈ భావమును 1964లో గెల్‌మాన్, జ్వయిగ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ప్రతిపాదించిరి. క్వార్కులలో జాతులు ఆరు: అప్, డౌన్, స్ట్రేంజ్, చార్మ్, బాటమ్, టాప్. ఈ జాతిభేదమునే శాస్త్రజ్ఞులు 'రుచి' యందురు. నాలుకకు దీనితో పనిలేదు.

చిక్కెల్ల వీని బరువులలో నున్నది. 1995లో కనుగొనబడిన టాప్, అప్ కన్న దాదాపు 80,000 రెట్లు బరువైనది. తోబుట్టువులలో ఇంత అంతరమేల? నేటి ప్రామాణిక సిద్ధాంతము ఆ బరువులను ప్రయోగమునుండి గ్రహించుచున్నదే గాని, కారణము చెప్పజాలదు.

కొందరు ఈ కారణమును పొడవు, వెడల్పు, ఎత్తులకు మించిన మరియొక దిక్కున, అనగా అదనపు మితియందు వెదకిరి. చీరాల మగ్గముపై నూలుపోగు దూరమునకు గీతవలె కనిపించును. దానిపై ప్రాకు చిన్నపురుగునకు మాత్రము చుట్టు తిరుగుటకును చోటున్నది. అట్లే నాలుగవ దిక్కు మిక్కిలి చిన్నదిగా చుట్టుకొని యుండవచ్చునని 1926లో క్లయిన్ సూచించెను. 1999లో లీసా రాండల్, రామన్ సుండ్రమ్ వంపుగల అదనపు మితిని ప్రతిపాదించిరి.

ఇక గుంటూరు మిరపయార్డును తలచుకొందము. రాశి చెంత నిలిచినవాడు తుమ్ములతో ఉక్కిరిబిక్కిరి యగును. దూరముగ నున్నవానికి ఘాటు సోకదు. కణములకు బరువునిచ్చు హిగ్స్ క్షేత్రమును, ఆ దిక్కున ఒక అంచునగల మిరపరాశి యనుకొందము. దగ్గరనున్న టాప్ బరువెక్కును. దూరమున నున్న అప్ తేలికగ మిగులును. ఘాటు దూరముతో అతివేగముగ తరుగును గనుక, స్థానములలో కొద్దిపాటి భేదమే బరువులలో వేలరెట్ల భేదమగును.

అయితే ఈ ఉపాయమునకు మూల్యము కలదు. అదనపు మితి యున్నచో బలవాహక కణములకు బరువైన ప్రతిరూపములు పుట్టును. అవి వేర్వేరు తావులనున్న క్వార్కులతో వేర్వేరుగా వ్యవహరించి, ఒక రుచిని మరియొక రుచిగా మార్చగలవు. విద్యుదావేశము మారకుండ రుచి మారుట ప్రకృతిలో మిక్కిలి అరుదు. కేయాను కణముల కొలతలతో సరిపోవలెనన్న, ప్రత్యేక నియమములు చేర్చనిచో, ఆ ప్రతిరూపములు ప్రోటాను కన్న పదివేలరెట్లకు మించి బరువుండవలెను. నేటి యంత్రములు అంతటివానిని సృజింపజాలవు.

కావున అరుదైన విఘటనములే ఆధారము. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన రుక్మణి మహంత, అంజన్ గిరితో కలిసి, వేరొక విధమైన అదనపు మితి బాటమ్ క్వార్కుగల కణముల విఘటనములను ఎట్లు మార్చునో లెక్కించి 2007లో ప్రకటించిరి. జపానులోని సుకుబాయందు ఇట్టి కణములను పరిశీలించు బెల్ 2 ప్రయోగమున హైదరాబాదు ఐ.ఐ.టి. కూడ పాల్గొనుచున్నది.

ఇంతవరకు అదనపు మితి జాడ కానరాలేదు. అయినను యార్డు గోడకు వెలుపల నడచువానికి ఒక్క తుమ్ము లోపలి రాశిని తెలుపును. శాస్త్రజ్ఞులు ఎదురుచూచునది అట్టి తుమ్ముకొరకే యని మేము మనవి చేయుచున్నాము.