అటక మీది ఆటలు

ఈ రోజు ప్రసంగం ఒక అట్టపెట్టె గురించి. మీలో చాలామంది ఇళ్లలో, అటక మీదనో బీరువా వెనకనో, అలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. అందులో పాత టీవీ గేమ్, చిక్కుపడిన వైర్లు, పదో పాతికో క్యాసెట్లు, కొన్ని డిస్కులు. తీరిక దొరికినప్పుడు ఆడదామని దాచినవి. తీరిక దొరకదు, పెట్టె కిందికి దిగదు. చూస్తూండగానే పాతికేళ్లు గడిచిపోతాయి.

మాది తిరువొత్తియూరు. చెన్నైకి ఉత్తర కొసన, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. త్యాగరాజస్వామివారు ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద ఐదు కీర్తనలు తెలుగులోనే రచించారు. 2023 నవంబరులో దీపావళికి అటక దులిపినప్పుడు మా పెట్టె కిందికి దించాం. మళ్లీ పైకి ఎక్కించే ఓపిక లేక మంచం కింద తోశాం. డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు చెన్నైని ముంచెత్తింది. మా ఇంట్లో మోకాటిలోతు నీళ్లు. బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు పైకి చేర్చాం. ఈ పెట్టె సంగతి మూడో రోజున గుర్తొచ్చింది.

విప్పి లెక్కపెడితే 23 క్యాసెట్లు, 17 డిస్కులు. మొత్తం 40 ఆటలు. అందులో చివరిదాకా ఆడినవి ఎన్నని చూసుకుంటే, ఐదు! తమ్ముడూ నేనూ జేబు డబ్బులు కూడబెట్టి కొన్నవాటిలో ఎనిమిదో వంతు. అవైనా బాగుచేసి ఆడాలి, లేదా బయట పారేయాలి అనుకున్నాను. బాగుచేయడమే మొదలుపెట్టాను. ఆ పనిలో నేను నేర్చుకున్నది మీకూ పనికివస్తుందని చెబుతున్నాను.

ముందు ఈ ఆటల పుట్టుక కాస్త తెలుసుకుందాం. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలైలో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. 1990లలో మన బజార్లలో రకరకాల పేర్లతో దొరికినవి చాలావరకు దాని నకళ్లే. చెన్నైలో అయితే పారిస్ దగ్గర బర్మా బజారుకు వెళ్లేవాళ్లం. బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాల బతుకుతెరువు కోసం 1960లలో ఏర్పడిన అంగళ్ల వరుస అది. ఒకే క్యాసెట్టులో 9,999 ఆటలని అట్ట మీద వేసి అమ్మేవారు. ఇంటికొచ్చి చూస్తే ఉన్నవి ఏ ఇరవయ్యో ముప్పయ్యో. అవే వేరే వేరే పేర్లతో, వేరే వేరే స్టేజీల నుంచి మొదలయ్యేవి.

మరి ఇష్టపడి కొన్నవి ఎందుకు పూర్తికాలేదు? చదువు అడ్డమొచ్చింది, కరెంటు పోయింది, నాన్న వార్తలు పెట్టమన్నారు. ఇవన్నీ నిజమే. అసలు కారణం మాత్రం ఆట తయారీలోనే ఉంది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ క్యాసెట్టు మొత్తం 40 కిలోబైట్లు. ఈనాడు ఫోనుతో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. అంత చిన్న చోట పొడవైన కథ పట్టదు. అందుకని ఆటను కష్టంగా చేశారు. నాణెం వేసి ఆడే యంత్రాల్లో ఆటగాడు త్వరగా ఓడితేనే మరో నాణెం పడేది. ఆ పద్ధతే ఇంటి ఆటలకూ వచ్చింది. మూడు లైఫులు అయిపోతే మళ్లీ మొదటికే. చాలా ఆటల్లో ఆడినంతవరకు దాచుకునే వీలు కూడా లేదు.

అంటే ఏమిటి? ఆ ఆటలు పొడవైనవి కావు, కష్టమైనవి. మారియోలో 8 లోకాలు, ఒక్కో లోకంలో 4 స్టేజీలు, మొత్తం 32. కాంట్రాలో 8 స్టేజీలే. చేయి తిరిగినవాడు అరగంటలో ముగిస్తాడు. మనకు పట్టేది ఆ అరగంట కాదు, చేయి తిరగడానికి పట్టే నెల రోజులు. సంగీతం నేర్చుకున్నవారికి ఇది తెలిసిన విషయమే. వర్ణం పాడటానికి ఎంతసేపు? నేర్చుకోవడానికి ఎంతకాలం?

ఇక బాగుచేసే సంగతి. తడిసిన క్యాసెట్టును వెంటనే యంత్రంలో పెట్టకండి. మర విప్పి, లోపలి బోర్డును మంచినీళ్లతో కడిగి, నీడలో వారం రోజులు ఆరనివ్వండి. క్యాసెట్టు పని చేయకపోతే మనమంతా చిన్నప్పుడు నోటితో ఊదేవాళ్లం. అది మంచిది కాదని నింటెండో వారే చెప్పారు. నోటి తడి తగిలి పిన్నులు చిలుము పడతాయి. మా సముద్రపు ఉప్పుగాలికి ఆ చిలుము ఇంకా త్వరగా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో దొరుకుతుంది. దూది పుల్లకు కాస్త అద్ది పిన్నులు తుడవండి. నల్లటి మరక దూదికి అంటుకుంటుంది. మరక రావడం ఆగేదాకా తుడవండి. మా 23లో 17 ఇలాగే బతికాయి. ఆరు పోయాయి. డిస్కులు మాత్రం అన్నీ దక్కాయి.

కొన్ని క్యాసెట్లలో బటన్ సెల్ ఉంటుంది. ఆట దాచుకునేది దాని బలంతోనే. అది పది, ఇరవై ఏళ్లకు అయిపోతుంది. మార్చవచ్చు గాని, తీసిన క్షణంలో పాత ఆట చెరిగిపోతుంది. కాబట్టి అందులో చూసుకోవలసింది ఏదైనా ఉంటే ముందే చూసుకోండి. అడాప్టరును కూడా నమ్మవద్దు. పాతదైనా, వేరే యంత్రానిదైనా, మల్టీమీటరుతో పరీక్ష చేయించాకే పెట్టండి. నేను మెట్రో ఎక్కి రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. 2021 ఫిబ్రవరిలో మెట్రో మా ఊరి మీదుగా విమ్కో నగర్ దాకా వచ్చింది గనుక ఆ ప్రయాణం ఇప్పుడు సులువు. అక్కడి రిపేరు మేస్త్రీ చూసి, నా అడాప్టరులో ప్లస్, మైనస్ తారుమారుగా ఉన్నాయన్నాడు. అడగకుండా పెట్టి ఉంటే యంత్రం కాలిపోయేది.

తర్వాత టీవీ. తుపాకీతో బాతులను కాల్చే ఆట, డక్ హంట్, గుర్తుంది కదా? అది కొత్త టీవీల మీద పని చేయదు. మీటనొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. ఆ వెలుగు కనబడిందా లేదా అని చూడటమే తుపాకీ పని. తుపాకీ నుంచి ఏదీ బయటికి రాదు. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. అప్పటికే తుపాకీ చూడవలసిన క్షణం దాటిపోతుంది. దీనికి గాజు గొట్టపు పాత టీవీయే కావాలి. తమిళనాడులో ఉన్నవారికి ఒక దారి ఉంది. 2006 నుంచి 2011 వరకు ఇక్కడి ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా పంచిన 14 అంగుళాల రంగుల టీవీ ఏ బంధువుల ఇంట్లోనో మూలన ఉండవచ్చు. మాకు మా అత్తగారింట్లో దొరికింది.

యంత్రం సిద్ధమయ్యాక అందరం చేసే తప్పు ఒకటుంది. అన్నీ ఒక్కో పది నిమిషాలు ఆడి చూస్తాం. సంతోషంగానే ఉంటుంది. వారం తిరిగేసరికి పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. అందుకని నేను నోటు పుస్తకం ఒకటి పెట్టాను. మిగిలిన 34లో పూర్తిచేసిన ఐదూ తీసేస్తే 29. అందులో క్రికెట్, కారు పందేల వంటి ఏడింటికి ముగింపు అనేది లేదు. వాటిని ఇంటికి పిల్లలు వచ్చినప్పుడు ఆడుకునేవిగా పక్కన పెట్టాను. మిగిలింది 22.

ఆ 22కూ ఒక నియమం. ఏ ఆటకైనా మూడు పూటలు. మూడో పూట లేచేటప్పుడు రేపు మళ్లీ ఆడాలనిపించకపోతే ఆ పేరు కొట్టివేయడమే. మనం పద్నాలుగో ఏట కొన్నదానికి నలభై అయిదో ఏట బాకీ పడి లేము. ఇలా తొమ్మిది పేర్లు కొట్టేశాను. మనసుకు కష్టమనిపించలేదు సరికదా, బరువు దిగినట్టయింది. మిగిలిన 13లో పొట్టివి తొమ్మిది, పొడుగువి నాలుగు.

పొడుగువన్నీ ప్లేస్టేషన్ 2 డిస్కులు. ఆ యంత్రం 2000లో జపాన్‌లో వచ్చింది. దానికి 8 మెగాబైట్ల మెమరీ కార్డు ఉంటుంది గనుక ఎక్కడ ఆపితే అక్కడినుంచి ఆడవచ్చు. కానీ కథ ముగించాలంటే ఒక్కోదానికి పది గంటల నుంచి ముప్పై గంటల దాకా పడుతుంది. వాటిని ఆదివారాలకు ఉంచాను. పని రోజుల్లో రాత్రి భోజనం అయ్యాక అరగంట పొట్టివి. ఒక పొట్టిది, ఒక పొడుగుది, అంతే. ఒకటి ముగిసేదాకా మూడోదాన్ని ముట్టుకోకూడదు. లేచేటప్పుడు పుస్తకంలో రెండు వాక్యాలు రాయాలి. ఎక్కడ ఆగాను, తర్వాత ఏం చేయాలి. మధ్యలో నెల రోజులు పని ఒత్తిడి వచ్చినా ఆ రెండు వాక్యాలు మనల్ని వెనక్కి తీసుకొస్తాయి. నిజానికి ఇంత ఉపయోగపడిన చిట్కా మరొకటి లేదు.

ఆ పొడుగువాటిలో మన తెలుగువారు గర్వపడదగింది ఒకటుంది. 2009లో వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్'. హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసింది. మన దేశంలోనే తయారై ప్లేస్టేషన్ 2కు విడుదలైన తొలి ఆటగా దానికి పేరు. అదే ఏడాది హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర అనే సంస్థ 'దేశీ అడ్డా' తయారుచేసింది. అందులో కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు ఉన్నాయి. హనుమాన్ ఆట గొప్పగా ఉంటుందని నేను చెప్పను. నడక బరువు, దెబ్బలాట ఒకే తీరు. అయినా మూడు పూటల నియమం దాటి చివరిదాకా ఆడాను. తొలి అడుగు ఎలా వేశారో చూడాలనిపించింది.

మీరు అడగవచ్చు, కిటుకులు వాడవచ్చా అని. కాంట్రాలో ముప్పై లైఫుల కిటుకు ఒకటుంది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. దీన్ని పెట్టిన కజుహిసా హషిమోతో కోనామి కంపెనీ ఉద్యోగి. గ్రేడియస్ అనే ఆటను 1986లో ఇంటి యంత్రానికి మారుస్తూ, పరీక్షించడానికి తనకే కష్టంగా ఉండి ఈ కిటుకు పెట్టుకున్నాడట. ఆయన 2020లో కన్నుమూశారు. తయారుచేసినవాడికే కావలసి వచ్చిందంటే మనకు సిగ్గెందుకు? పగలంతా పనిచేసి వచ్చినవారు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

చివరగా కాంట్రా గురించే ఒక మాట చెప్పి ముగిస్తాను. అది ఇద్దరు కలిసి ఆడే ఆట. మూడో స్టేజీ జలపాతం. రాళ్ల మీద ఎగురుతూ పైకి ఎక్కాలి. ఒకడు ముందుగా ఎక్కితే తెర వాడితో పాటు పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చస్తాడు. చిన్నప్పుడు నేను ఆగేవాణ్ణి కాదు. మా తమ్ముడు ప్రతిసారీ అక్కడే చచ్చేవాడు, రిమోటు విసిరేసి ఏడ్చేవాడు. మేమిద్దరం కలిసి ఆ స్టేజీ ఒక్కసారి కూడా దాటలేదు. తర్వాత వాడు ఉద్యోగం మీద సూళ్లూరుపేట వెళ్లాడు. పండగకు వస్తాడు, భోజనం చేస్తాడు, రైలు టైముకు లేస్తాడు.

నా పుస్తకంలో పదమూడింటికి ఎనిమిది పూర్తయ్యాక, ఆ పేరు దగ్గర ఆగాను. ఒంటరిగా ముగించి టిక్కు పెట్టవచ్చు. పెట్టబుద్ధి కాలేదు. సంక్రాంతికి వాడు వచ్చినప్పుడు టీవీ ముందు చాప వేశాను. వాడు చూసి, "అన్నా, ఇంకా ఉందా ఇది?" అన్నాడు. జలపాతం దగ్గర నేను ఒక రాయి ఎక్కి ఆగాను. వాడు ఎక్కాడు. మళ్లీ ఒక రాయి, మళ్లీ ఆగాను. "ఏందన్నా, ఆగుతున్నావు?" అని నవ్వాడు. ఆ రాత్రి ఎనిమిదో స్టేజీ దాటేసరికి ఒంటి గంట. కిటుకు వాడాం, దాపరికం లేదు. మర్నాడు వాడు రైలు వదిలేసి ఇంకో పూట ఉన్నాడు.

ఆ తర్వాత ఇంకొకటి పూర్తయింది. ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. తొందర లేదు.

శ్రోతలారా, మీ అటక మీది పెట్టెను నీళ్లు వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారమే దించండి. ముందు పిన్నులు తుడవండి, తర్వాత జాబితా రాయండి, ఆపైన కొట్టివేతలు. ఆ జాబితాలో ఇద్దరు ఆడే ఆట ఏదైనా ఉంటే, ఆ రెండో రిమోటు ఎవరి చేతిలో ఉండేదో గుర్తు చేసుకుని వారికి ఒక కబురు పెట్టండి.